లైనక్స్ ఫైల్‌సిస్టమ్ సంరక్షణ, 6వ పాఠం: మనం లాగౌట్ అయ్యాక కూడా తనిఖీ సాగాలంటే

గత పాఠంలో ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ ఉన్న విభాగాన్ని అన్‌మౌంట్ చేసి, లోపాలు వెతికి సరిచేసే ఈ2ఎఫ్ఎస్‌సీకే ప్రోగ్రామ్‌తో తనిఖీ చేయడం నేర్చుకున్నాం. అప్పుడు సాధన చేసింది చిన్న పెన్‌డ్రైవ్ మీద కాబట్టి పని వెంటనే ముగిసింది. పెద్ద డిస్కుల మీద అదే పని గంటల తరబడి సాగవచ్చు.

హనుమకొండలో నాకు తెలిసిన ఒక ఫోటో స్టూడియోలో, పెళ్ళి ఆల్బములన్నీ దాచిన 8 టెరాబైట్ల డిస్కును ఒక ఆదివారం తనిఖీకి పెట్టాను. "అన్నా, నువ్వు బండెక్కినంక గూడ ఇది నడుస్తదా?" అని అక్కడి తమ్ముడు అడిగితే నడుస్తుందని మాటిచ్చి, కాజీపేటలో రైలెక్కి, ల్యాప్‌టాప్‌లో దాన్ని చూస్తూ కూర్చున్నాను. జనగామ దాటాక ఫోన్‌లో నెట్ పోయింది. సికింద్రాబాదులో దిగి మళ్ళీ లాగిన్ అయి చూస్తే ఆ ప్రాసెస్ లేదు. ఈ2ఎఫ్ఎస్‌సీకే ఆగిన చోటి నుంచి కొనసాగించదు కనుక ఐదు దశలనూ మొదటి నుంచి నడపవలసి వచ్చింది.

కారణం ఇది. ఎస్ఎస్‌హెచ్ (నెట్ ద్వారా దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) కనెక్షన్ తెగిందని సర్వర్ గుర్తించగానే మన టెర్మినల్ మూతపడుతుంది; అప్పుడు కెర్నెల్ (సిస్టమ్ మూల భాగం), మన ఆదేశాలు అందుకునే షెల్‌కూ, ముందుభాగంలో నడుస్తున్న పనికీ సిగ్‌హప్ అనే 1వ నంబరు సిగ్నల్‌ను పంపుతుంది; దాన్ని ప్రత్యేకంగా పట్టించుకోని ప్రోగ్రామ్ అక్కడికక్కడే ముగుస్తుంది. మోడెముల కాలంలో ఫోన్ లైను పెట్టేయడాన్ని సూచించిన పేరే నేటికీ నిలిచింది. నోహప్ అనే ఆదేశం ఈ సిగ్నల్‌ను పక్కన పెట్టిస్తుంది. టీమక్స్ అనే ప్రోగ్రామ్ అయితే పనికి వేరే టెర్మినల్‌నే ఇస్తుంది. రెండూ మంచివే, కానీ రెండూ మన లాగిన్ సెషన్ నీడలోనే ఉంటాయి. లైనక్స్‌లో సేవలనూ లాగిన్ సెషన్లనూ నడిపించే సిస్టమ్‌డి 2016లో తన 230వ విడుదలలో, వాడుకరి లాగౌట్ కాగానే అతని ప్రాసెస్‌లన్నిటినీ ముగించడాన్ని డిఫాల్ట్ చేసింది. డెబియన్ వంటి లైనక్స్ పంపిణీలు ఆ అమరికను మళ్ళీ ఆపివేశాయి. ఇతరుల సర్వర్‌లో ఏ అమరిక ఉందో తెలియకుండా నోహప్‌ను నమ్మడం నాకు సమ్మతం కాదు. అందుకే పనిని మన సెషన్ నుంచి తప్పించి, ఒక యూనిట్‌గా (సిస్టమ్‌డి తనే నడిపే పనిగా) సిస్టమ్‌కే అప్పగించాలి:

సుడో సిస్టమ్‌డి-రన్ --యూనిట్=తనిఖీ ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్ -పి /డెవ్/ఎస్‌డీబీ1

(ఎప్పటిలాగే ఇక్కడ పలికినట్టు రాశాను, టైపు చేసేటప్పుడు యూనిట్ పేరుతో సహా ఆంగ్ల చిన్న అక్షరాలు వాడండి.) ఇందులో -పి ఎందుకో గమనించండి. ఇలా నడిచే పనికి టెర్మినల్ ఉండదు, అందువల్ల అడిగి సరిచేసే మామూలు పద్ధతిలో ఈ2ఎఫ్ఎస్‌సీకే మొదలవడానికే నిరాకరిస్తుంది. -పి పెడితే ప్రమాదం లేని లోపాలను తనే సరిచేసి, పెద్ద లోపం కనిపిస్తే ఆగిపోతుంది. అన్నిటికీ అవునని చెప్పే -వై ని బ్యాకప్ లేని డిస్కు మీద దయచేసి వాడకండి.

తరువాత లాగౌట్ అయి నిశ్చింతగా వెళ్ళవచ్చు. తిరిగి వచ్చాక, సిస్టమ్‌డి నమోదు చేసే జర్నల్‌ను చూపే జర్నల్‌సీటీఎల్ -యూ తనిఖీ అనే ఆదేశం ఇస్తే జరిగినదంతా కనిపిస్తుంది. ఇక్కడ కొత్తవారు తరచూ కంగారు పడే విషయం ఒకటుంది. లోపాలు దొరికి, అన్నీ సరిచేసినప్పుడు ఈ2ఎఫ్ఎస్‌సీకే 1 అనే ఫలితాన్ని ఇస్తుంది. సున్నా కాని ప్రతిదాన్నీ సిస్టమ్‌డి వైఫల్యంగానే లెక్కించి ఆ యూనిట్‌ను ఫెయిల్డ్ అని చూపుతుంది. నిజంగా భయపడవలసినది 4 వచ్చినప్పుడు, అంటే సరిచేయని లోపాలు మిగిలినప్పుడు.

జెడ్ఎఫ్ఎస్ అనే మరో ఫైల్‌సిస్టమ్‌లో స్క్రబ్ అనే తనిఖీకి ఈ ఏర్పాటేదీ అవసరం లేదు; ఆదేశం ఇవ్వగానే కెర్నెలే ఆ పనిని చేపడుతుంది.

ఇక ఈ వారం అభ్యాసం. ట్రంకేట్ -ఎస్ 2జి తో /వార్/టీఎంపీ లో ఒక ఖాళీ ఫైల్ తయారుచేసి, దాని మీద ఎక్స్‌ట్4 ఏర్పరచండి. సిస్టమ్‌డి-రన్‌కు ఎస్‌హెచ్ -సి ద్వారా 'స్లీప్ 300' తరువాత తనిఖీ చేయమని చెప్పండి. ఆ యూనిట్ మూల డైరెక్టరీలో నడుస్తుంది కాబట్టి ఫైల్‌కు పూర్తి మార్గం ఇవ్వాలి. ఆ ఐదు నిమిషాల్లో లాగౌట్ అయి, గడువు దాటాక లాగిన్ అయి జర్నల్ చదవండి. మీకు వచ్చిన ఫలిత సంఖ్యను రాసి పెట్టుకోండి. 7వ పాఠంలో అదే ఫైల్‌ను కావాలని పాడుచేసి మళ్ళీ నడుపుదాం.