కిడ్నీ జబ్బుంటే వంటనూనె ఎంచుకోవడం

ఇంట్లో కిడ్నీ పేషెంట్ ఉంటే ఉప్పు, పొటాషియం, ఫాస్ఫరస్ అంటూ ప్రతి సరుకుకీ భయపడతాం. నూనె విషయంలో ఆ భయం అక్కర్లేదు. ఏ నూనెలోనైనా ఆ మూడూ దాదాపు సున్నా. పల్లీల్లో పొటాషియం, ఫాస్ఫరస్ బాగా ఉంటాయి గానీ పల్లీ నూనెలోకి రావు. అందుకే వంకాయ కూరకి పల్లీ నూనెతో తాలింపు వేయండి, పల్లీ పొడి మాత్రం మానేయండి. నువ్వుల పొడికీ అదే లెక్క. ఎండుకొబ్బరి పొడిలో పొటాషియం ఎక్కువ, దాన్నీ తగ్గించండి.

మరి చూసుకోవాల్సిందేమిటంటే, గుండె. కిడ్నీ జబ్బున్నవాళ్లకి గుండెజబ్బు ముప్పు ఎక్కువ. కాబట్టి రోజువారీ వంటకి పల్లీ, నువ్వుల, తవుడు, పొద్దుతిరుగుడు నూనెల్లో ఏదైనా వాడండి, మార్చి మార్చి వాడితే ఇంకా మంచిది. పామాయిల్, కొబ్బరి నూనె తగ్గించండి. డాల్డా అసలు వద్దు. పప్పన్నంలోకి చెంచాడు నెయ్యి అప్పుడప్పుడూ ఫర్వాలేదు. వెన్న కొంటే ఉప్పు కలపనిది చూసి తీసుకోండి.

ఆవకాయ ముక్క మానేశాం కదా అని దాని నూనె అన్నంలో కలుపుకుంటారు చాలామంది. దయచేసి వద్దు. ఆ నూనెతోపాటు ఉప్పు ఊటంతా వచ్చేస్తుంది.

బూరెలు వేయించిన నూనెని మళ్లీ మళ్లీ కాచకండి. డబ్బాతో వంచకుండా చెంచాతో కొలవండి, మనిషికి రోజుకి మూడు నాలుగు టీస్పూన్లు చాలు. మనిషి బాగా చిక్కిపోతుంటే మాత్రం ఎంత వాడాలో డైటీషియన్‌ని అడగండి. ఒక్కోసారి నూనె కాస్త పెంచమనే చెబుతారు.