యుఫోనియం మొరాయిస్తే: లోపం ఎక్కడ, మందు ఏది

యుఫోనియం బ్యాండు మేళాల్లో వాల్వులు నొక్కుతూ ఊదే పెద్ద ఇత్తడి వాయిద్యం. బి ఫ్లాట్ యుఫోనియం గొట్టాన్ని సాగదీస్తే సుమారు 2.75 మీటర్లు, అంటే 9 అడుగులు. ట్రాంబోన్, బారిటోన్ కూడా అంతే పొడవు. ట్రంపెట్ అందులో సగం, బి ఫ్లాట్ ట్యూబా రెట్టింపు. తేడా అంతా లావులోనే ఉంది. ట్రాంబోన్ గొట్టం చాలా దూరం ఒకే లావున నడిచి చివర్లో విచ్చుకుంటుంది. యుఫోనియం మాత్రం వాల్వులు దాటినప్పటి నుంచి బెల్ దాకా లావెక్కుతూనే పోతుంది. దాని గుండ్రటి నాదం అక్కడిదే. బారిటోన్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, కాస్త సన్నగా పలుకుతుంది. చేతిలో ఉన్నది బారిటోనైతే ఆ సన్నదనానికి మరమ్మతు వెతక్కండి, అది దాని పుట్టుక.

పిస్టన్ అంటుకుంటోంది, లేదా నెమ్మదిగా లేస్తోంది

వాల్వ్ లోపల పైకీ కిందికీ కదిలే కడ్డీయే పిస్టన్, అది కూర్చునే గొట్టం కేసింగ్. పదింట తొమ్మిదిసార్లు కారణం మురికే. పైమూత విప్పి పిస్టన్‌ను నిలువుగా పైకి తీయండి. పోగులు రాలని గుడ్డతో దాన్ని, అదే గుడ్డను పుల్లకు చుట్టి కేసింగ్ లోపలా తుడవండి. 4, 5 చుక్కల వాల్వ్ ఆయిల్ వేసి తిరిగి దించండి. గైడ్ (పిస్టన్ తిరక్కుండా పట్టే చిన్న ముక్క) గాడిలో పడ్డప్పుడు చిన్నగా 'టిక్' మంటుంది. ఆ తర్వాతే మూత బిగించండి.

అయినా అంటుకుంటుంటే స్ప్రింగ్‌ను పక్క వాల్వ్ స్ప్రింగ్ పక్కన నిలబెట్టి చూడండి. పొట్టిదైపోయి ఉంటే మార్చాలి. స్ప్రింగూ బాగుండి ఒక చోట మాత్రమే పట్టేస్తుంటే కేసింగ్‌కు సొట్ట పడినట్టే. అది మరమ్మతు తెలిసినవారి పని. పిస్టన్‌ను ఎమరీ కాగితంతోనో ఇత్తడి పాలిష్‌తోనో రుద్దకండి. ఆ రోజుకు జారుతుంది, తర్వాత జీవితమంతా గాలి కారుతుంది.

శుభ్రం చేశాక ఊదితే గాలే పోవడం లేదు

పిస్టన్లు తారుమారయ్యాయి, లేదా ఒకటి సగం తిరిగి కూర్చుంది. ప్రతి పిస్టన్ మీదా 1, 2, 3, 4 అని అంకె చెక్కి ఉంటుంది. 1 మౌత్‌పీస్ వైపుది. సరిచూసుకుని పెట్టండి.

1, 3 కలిపి నొక్కితే శ్రుతి పైకి పోతోంది

ఇది చెడిపోవడం కాదు, లెక్క. 1వ వాల్వ్ సుమారు 33.7 సెంటీమీటర్ల గొట్టం కలుపుతుంది, 3వది 52. మొత్తం 85.7. కానీ బి ఫ్లాట్ నుంచి 5 మెట్లు దిగి ఎఫ్ పలకాలంటే 92 కావాలి. ఒక్కో వాల్వ్ మామూలు గొట్టానికి సరిపడేలా కోసిన ముక్క. గొట్టం అప్పటికే పొడవైనప్పుడు ఆ ముక్క చాలదు. దాంతో ఎఫ్ సుమారు 30 సెంట్లు ఎక్కువ పలుకుతుంది (పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు). 1, 2, 3 కలిపితే ఎక్కువ 50 దాటుతుంది. అలా పలికే 'ఈ' (E) స్వరం ఎవరి చెవికైనా గుచ్చుకుంటుంది.

ట్రాంబోన్‌కు ఈ బాధ లేదు, చేతితో ఇంకాస్త లాగితే సరి. ట్రంపెట్‌కు 3వ స్లైడు (వాల్వ్ గొట్టంలో బయటికి లాగగలిగే యు ఆకారపు భాగం) మీద వేలు పెట్టే ఉంగరం ఉంటుంది. ఒళ్లో నిలబెట్టుకునే యుఫోనియంలో ఆ వీలు తక్కువ. మన పెళ్లి మేళాల్లో మామూలైన 3 వాల్వుల వాయిద్యమైతే 3వ స్లైడును 1 సెంటీమీటరు దగ్గర మొదలుపెట్టి ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) చూస్తూ లాగండి. స్లైడుకు రెండు కాళ్లు కాబట్టి 1 లాగితే గొట్టం 2 పెరుగుతుంది. 3 ఒంటరిగా వాడే స్వరాలు తక్కువ గనుక అది కాస్త కిందికి పోయినా నష్టం లేదు.

4వ వాల్వ్ ఉంటే 1+3 బదులు 4 ఒక్కటే నొక్కండి, 1+2+3 బదులు 2+4 నొక్కండి. ఇంకా కిందికి దిగితే అదీ చాలదు. పెడల్ బి ఫ్లాట్‌కు (వాల్వులేవీ నొక్కకుండా పలికే అన్నింటికన్నా అడుగు స్వరానికి) ఒక మెట్టు పైనున్న బి, నాలుగూ నొక్కినా దొరకదు, సుమారు 50 సెంటీమీటర్ల గొట్టం తక్కువ. లండన్‌లో డేవిడ్ బ్లెయిక్లీ 1874లో పేటెంట్ తీసుకున్న కాంపెన్సేటింగ్ పద్ధతి పుట్టింది ఇందుకే. 4 నొక్కగానే గాలి వాల్వుల్లోంచి రెండోసారి తిరిగి వస్తుంది. అప్పుడు 1, 2, 3 లలో ఏది నొక్కితే దాని వెనకున్న చిన్న చుట్టు కూడా కలుస్తుంది. బదులుగా అడుగు స్వరాలు కాస్త బిగపట్టినట్టు ఉంటాయి. అది లోపం కాదు.

గుడగుడ శబ్దం

నీరు. ఎక్కడుందో వాల్వులే చెబుతాయి. ఏమీ నొక్కకుండానే వస్తే ప్రధాన స్లైడులో, వాటర్ కీ (నీరు వదిలే చిన్న మీట) తెరిచి ఊదండి. ఒక వాల్వ్ నొక్కితేనే వస్తే ఆ వాల్వ్ స్లైడులో. 4తో పాటు ఇంకొకటి కలిపినప్పుడే వస్తే కాంపెన్సేటింగ్ చుట్టులో. అక్కడ చాలా వాయిద్యాలకు వాటర్ కీ ఉండదు. వెనక స్లైడు తీసి, వాయిద్యాన్నే తిప్పి వంచాలి.

నాదం పలచగా, ఊపిరి వృథా అవుతున్నట్టు

1వ పిస్టన్ పైకే ఉంచి దాని స్లైడును 2, 3 సెంటీమీటర్లు బయటికి లాగండి. 5 సెకన్లు ఆగి పిస్టన్ నొక్కండి. 'టప్' మంటే గాలి నిలిచినట్టు. మిగతా వాల్వులకూ ఇలాగే. శబ్దం రాకపోతే కాస్త చిక్కటి వాల్వ్ ఆయిల్ వేసి మళ్లీ చూడండి. అప్పుడు వస్తే పిస్టన్ అరిగింది.

గాలి నిలుస్తున్నా పలచగానే ఉంటే ఫెల్టులు (పిస్టన్ ఆగే చోట ఉండే మెత్తని బిళ్లలు) నలిగాయేమో చూడాలి. 2వ స్లైడు పీకి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ నొక్కండి. పిస్టన్ రంధ్రం అంచు, గొట్టం అంచు కలిసిపోవాలి. నెలవంకలా ఇత్తడి కనిపిస్తే ఫెల్టు మార్చే వేళయింది.

సన్న కాడ ట్రాంబోన్ మౌత్‌పీస్ లావు రంధ్రంలో పెట్టినా ఇదే లక్షణం. కదిపి చూడండి, ఊగితే అది దీనిది కాదు.

మధ్యాహ్నం మేళంలో అంతా పైకి పోయింది

గొట్టంలో గాలి 1 డిగ్రీ వేడెక్కితే శ్రుతి సుమారు 3 సెంట్లు పెరుగుతుంది. బరాత్‌లో నీడన శ్రుతి చేసుకుని ఎండలోకి నడిస్తే ఇక చెప్పక్కర్లేదు. పాటకూ పాటకూ మధ్య ప్రధాన స్లైడు లాగండి. క్లారినెట్ కూడా పెరుగుతుంది, కానీ అంతే మోతాదులో కాదు. కాబట్టి ఎవరో ఒకరి శ్రుతి పట్టుకుని కలవాలి.

ఒకే స్వరం మీద జర్రుమంటోంది

వదులైన వాల్వ్ మూత, వాటర్ కీ స్ప్రింగ్, ఊడిన టంకం. స్వరం పట్టి ఊదుతుంటే ఇంకొకరు ఒక్కో భాగాన్ని వేలితో నొక్కాలి. శబ్దం ఆగిన చోటే జబ్బు.

మౌత్‌పీస్ ఇరుక్కుంది

కటింగ్ ప్లయరు వద్దు. మెలిపెడితే మౌత్‌పీస్ కంటే ముందు లీడ్‌పైపు (మౌత్‌పీస్ దూరే గొట్టం) టంకం ఊడుతుంది. మౌత్‌పీస్ పుల్లర్ అనే చిన్న మర పరికరం దీనికే ఉంది, బ్యాండుకొకటి చాలు.