మూడుల్‌లో అసైన్‌మెంట్ ఎక్కడ ఆగింది? లక్షణాలు, కారణాలు, పరిష్కారాలు

మార్టిన్ డూగియామస్ ఆస్ట్రేలియాలో రూపొందించి 2002లో విడుదల చేసిన మూడుల్ (Moodle), ఆన్‌లైన్‌లో కోర్సులు, అసైన్‌మెంట్లు నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కావడం వల్ల, ఒక్కో విశ్వవిద్యాలయం దానికి తనదైన పేరు, రంగులు పెట్టుకొని వాడుకుంటోంది. కాబట్టి మీ పోర్టల్ పేరు వేరైనా లోపల ఉన్నది మూడులే కావచ్చు. సమర్పణలో ఏ చిక్కు వచ్చినా ముందుగా చూడవలసింది అసైన్‌మెంట్ పేజీలోని ‘సబ్మిషన్ స్టేటస్’ వరుసనే. ఫైల్ పేరు తెరపై కనిపించడం అది చేరిందనడానికి రుజువు కాదు.

లక్షణం: లాగిన్ అయినా కోర్సు కనిపించడం లేదు

డ్యాష్‌బోర్డులో లేదా ‘మై కోర్సెస్’ పేజీలో ఉండే కోర్సుల జాబితాపై ‘ఇన్ ప్రోగ్రెస్’ అనే వడపోత ఉంటే, ప్రారంభ తేదీ ఇంకా రాని కోర్సులు, ముగింపు తేదీ దాటినవి అందులో కనిపించవు. దానిని ‘ఆల్’కు మార్చి చూడండి. అప్పటికీ లేకపోతే, ఫీజు కట్టి రిజిస్ట్రేషన్ పూర్తి చేసినా మీ పేరు మూడుల్ కోర్సులోకి ఇంకా ఎక్కలేదనో, అధ్యాపకులు కోర్సును విద్యార్థులకు తెరవలేదనో అనుకోవాలి. ఈ రెండూ మీ చేతిలో లేనివి గనుక పాస్‌వర్డ్ మార్చుకుంటూ కూర్చోకుండా కోర్సు కోడ్, హాల్‌టికెట్ లేదా రోల్ నంబరుతో ఐటీ విభాగానికి రాయడమే దారి.

లక్షణం: ఫైల్ ఎక్కడం లేదు, లేదా ఎక్కినా అవతల తెరుచుకోవడం లేదు

అనుమతించే పరిమాణం, ఫైల్ రకాలు అప్‌లోడ్ పెట్టె దగ్గరే రాసి ఉంటాయి. చేతిరాత పేజీలను ఫోన్ కెమెరాతో విడివిడిగా తీస్తే పరిమితి సులువుగా దాటిపోతుంది. స్కానర్ యాప్‌లో నలుపు తెలుపులో తీసి ఒకే పీడీఎఫ్‌గా చేస్తే చాలావరకు సరిపోతుంది. కంప్యూటర్‌లోని గూగుల్ డ్రైవ్ ఫోల్డర్ నుంచి నేరుగా ఎక్కించిన గూగుల్ డాక్స్ ఫైల్‌లో మీ వ్యాసం ఉండదు, దానికి లంకె మాత్రమే ఉంటుంది. అందువల్ల ముందు పీడీఎఫ్‌గా దించుకోవాలి.

తెలుగు శాఖల విద్యార్థులకు మరో చిక్కు ఉంది. అను వంటి, యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే ప్రామాణిక అక్షర సంకేతాల పద్ధతి) కాని ఫాంట్లలో టైపు చేసిన వర్డ్ ఫైల్ ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అర్థం లేని గుర్తులుగా తెరుచుకుంటుంది. ఫాంట్‌ను పొదిగిన పీడీఎఫ్ పంపితే అధ్యాపకులు చదవగలరు గాని, అందులోని పాఠాన్ని వెతకడం, కాపీ చేయడం అప్పటికీ కుదరదు. మొదటి నుంచీ యూనికోడ్‌లో టైపు చేసుకోవడమే మేలు.

లక్షణం: ‘నేను పెట్టాను’, ‘నాకు రాలేదు’

తగాదాలన్నీ ఇక్కడే పుడతాయి. ‘యాడ్ సబ్మిషన్’ నొక్కి ఫైల్‌ను పెట్టెలోకి లాగినప్పుడు అది తాత్కాలిక స్థలంలో మాత్రమే ఉంటుంది. ‘సేవ్ ఛేంజెస్’ నొక్కకుండా బ్రౌజర్ మూసేస్తే సమర్పణకు జతపడదు. సేవ్ చేశాక కూడా కొన్ని అసైన్‌మెంట్లలో స్టేటస్ ‘డ్రాఫ్ట్ (నాట్ సబ్మిటెడ్)’ అనే చూపిస్తుంది. అంటే విద్యార్థి స్వయంగా ‘సబ్మిట్ అసైన్‌మెంట్’ నొక్కి ధ్రువీకరించాలన్న నియమాన్ని అధ్యాపకులు పెట్టారన్నమాట. ఆ నియమం లేని కోర్సులో సేవ్ చేయడమే సమర్పణ. ఒకే సెమిస్టర్‌లో రెండు పద్ధతులూ ఎదురవుతాయి కాబట్టి అలవాటును నమ్ముకోవద్దు. ‘సబ్మిటెడ్ ఫర్ గ్రేడింగ్’ అని కనిపించేవరకు పేజీ వదలకండి. ధ్రువీకరించాక ఫైల్ తప్పని తేలితే, అధ్యాపకులు దానిని తిరిగి డ్రాఫ్ట్‌గా మార్చాలి.

బృంద అసైన్‌మెంట్లలో సభ్యులందరూ విడివిడిగా సబ్మిట్ నొక్కాలన్న అమరిక కూడా ఉండవచ్చు. అప్పుడు ఒక్కరు మిగిలినా అది డ్రాఫ్టే.

లక్షణం: గడువు ఉందనుకుంటే బటన్ మాయమైంది

మూడుల్‌లో గడువు తేదీ వేరు, కటాఫ్ తేదీ వేరు. మొదటిది దాటితే ఆలస్యమన్న ముద్రతో తీసుకుంటుంది. రెండవది దాటితే అధ్యాపకులు పొడిగింపు ఇస్తే తప్ప తీసుకోదు.

బ్రిటన్‌లో చదువుతూ సెలవులకు హైదరాబాద్‌కో విజయవాడకో వచ్చినవారు గడియారం విషయంలో మరింత జాగ్రత్తపడాలి. లండన్‌లో సాయంత్రం 5 గంటల గడువు శీతాకాలంలో మన రాత్రి 10:30కి వస్తుంది. మార్చి చివరి ఆదివారం అక్కడ గడియారాలు ముందుకు జరగడంతో అదే గడువు 9:30కే ముగుస్తుంది. మూడుల్ మీ ప్రొఫైల్‌లోని టైమ్ జోన్ ప్రకారం వేళలు చూపిస్తుంది కాబట్టి అది ఏ ఊరిదో ముందే సరిచూసుకోండి.

చివరి గంటలో సర్వర్ మొరాయిస్తే, గడువు ముగియకముందే ఫైల్‌ను జతచేసి, ఎర్రర్ సందేశం, సమయం కనిపించే స్క్రీన్‌షాట్‌తో అధ్యాపకులకు విశ్వవిద్యాలయ ఈమెయిల్ నుంచి పంపండి. అంగీకరించడం వారి నిబంధనలను బట్టి ఉంటుంది. అయినా గడువు తర్వాత పంపిన వివరణ కంటే దానికి విలువ ఎక్కువ.