ఎండలు ముదరకముందే డ్రమ్ యార్డు, వేస్ట్ షెడ్డు చూసుకోండి

మార్చి సగం దాటిందంటే జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, పరవాడ, అచ్యుతాపురం, ఎక్కడి బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు తయారుచేసే) యూనిట్‌లోనైనా మధ్యాహ్నం పూట రేకుల షెడ్డు కింద నిలబడలేం. మనిషైతే వేడి తగలగానే నీడకు జరుగుతాడు. షెడ్డులో వరసగా పేర్చిన డ్రమ్ములు సాయంత్రం దాకా ఆ వేడిని పీలుస్తూనే ఉంటాయి. ప్లాంటులో జాగ్రత్త అనగానే అందరి చూపూ రియాక్టర్ వైపు పోతుంది. రియాక్టర్ దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు, గేజీలు ఉంటాయి, గంటగంటకూ బ్యాచ్ షీట్‌లో రీడింగ్ ఎక్కుతుంది. ఎవరి కంటా పడనిది నిల్వ ఉన్న సరుకు. రేపటి బ్యాచ్ కోసం దించిన సాల్వెంట్ (కరిగించడానికి వాడే ద్రవం), ఎప్పుడో మిగిలిపోయి మూలకు నెట్టిన కార్బాయ్ (పెద్ద ప్లాస్టిక్ క్యాన్), ఎప్పుడు పంపుతారో తెలియని రెసిడ్యూ (అడుగున మిగిలిన మడ్డి) డ్రమ్ము. వేసవికి ముందు పనిగట్టుకుని చూడాల్సింది వీటినే.

ఆగి ఉన్న ప్లాంటు ఎంత ప్రమాదమో విశాఖ వాళ్లకు చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వచ్చి పడ్డప్పుడు అక్కడ ఉత్పత్తి నడవడం లేదు. లాక్‌డౌన్‌తో నెల దాటి ఆగిపోయి ఉంది. సరుకు మాత్రం ట్యాంకులో అలాగే ఉంది. స్టైరీన్‌కు తనంతట తానే పాలిమర్‌గా మారే గుణం ఉంది. అలా మారేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి మార్పును ఇంకా తొందర చేస్తుంది. దాన్ని ఆపడానికే టీబీసీ అనే పదార్థాన్ని పది, పదిహేను పీపీఎం (పది లక్షల భాగాలకు పది, పదిహేను భాగాలు) మోతాదులో కలుపుతారు, ట్యాంకును చల్లగా ఉంచుతారు. టీబీసీ రోజులు గడిచేకొద్దీ ఖర్చయిపోతుంది, వేడి పెరిగితే మరీ త్వరగా. సరుకును తిప్పకుండా వదిలేస్తే పైభాగం వేడెక్కినా అడుగు చల్లగానే ఉంటుంది. థర్మామీటర్ అడుగునే ఉంటే రీడింగ్ బాగానే కనిపిస్తుంది. ఆ రాత్రి సైరన్ కూడా మోగలేదు. 12 మంది పోయారు.

మీ ట్యాంక్ ఫార్మ్‌లో స్టైరీన్ లేకపోవచ్చు. అయినా ఈ ప్రశ్నలు మీవే. టీబీసీ లాంటి నిరోధకం కలిపి నిల్వ ఉంచే సరుకు ఏదైనా ఉందా? అక్రిలేట్లు, వినైల్ అసిటేట్ లాంటివి ఉంటే చివరిసారి శాంపిల్ తీసి నిరోధకం ఎంత మిగిలిందో చూసింది ఎప్పుడు? టెంపరేచర్ పైన, మధ్యన, కింద మూడు చోట్లా తెలుస్తోందా? చిల్లింగ్ ప్లాంట్ కరెంటు పోతే జనరేటర్ మీద నడుస్తుందా, లేక జనరేటర్ లైను ప్రొడక్షన్ బ్లాకుకే ఉందా? ఉగాదికో, మెయింటెనెన్స్ షట్‌డౌన్‌కో ప్లాంటు ఆపినప్పుడు ట్యాంకు రీడింగులు ఎవరు తీస్తారు? పేరుతో సహా జవాబు ఉండాలి. “సెక్యూరిటీ వాళ్లు చూస్తార్లే” అనే జవాబును నేను ఒప్పుకోను.

డ్రమ్ముల సంగతి

నిప్పురవ్వకు అంటుకునేంత ఆవిరి లేచే టెంపరేచర్‌ను ఫ్లాష్ పాయింట్ అంటారు. టోలీన్ సాల్వెంట్‌ది 4 డిగ్రీలు. మిథనాల్‌ది 11 దగ్గర. అసిటోన్, హెక్సేన్ అయితే సున్నాకు 20 డిగ్రీల కింద. అంటే మన దగ్గర సంక్రాంతి చలిలో కూడా ఇవి నిప్పురవ్వకు అంటుకునేవే. మరి వేసవిలో మారేది ఏమిటంటే ఆవిరి మోతాదు. డ్రమ్ములో ఒత్తిడి పెరుగుతుంది, మూత తీయగానే బయటికొచ్చే ఆవిరి చలికాలం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. డ్రమ్మును అంచుదాకా నింపితే ద్రవం వ్యాకోచించడానికి చోటుండదు. పదోవంతు ఖాళీ వదలాలి. పైమూత ఉబ్బిన డ్రమ్ము కనిపిస్తే అక్కడికక్కడ విప్పకూడదు. మిగతావాటి నుంచి వేరుచేసి, నీడలో చల్లారనిచ్చి, అందులో ఏముందో తెలిసిన మనిషి చిన్న బిరడాను పక్కన నిలబడి కొద్దికొద్దిగా వదులు చేయాలి. లోపల ఏదో రియాక్షన్ జరుగుతోందన్న అనుమానం ఉంటే, అంటే నీడలో పెట్టినా డ్రమ్ము ఒంటికి వేడి తగులుతుంటే, ముట్టుకోకుండా జనాన్ని దూరం పంపి ఇంచార్జ్‌ను పిలవాలి.

ఎర్తింగ్ క్లిప్పు గురించి ఒక్కమాట. చాలాచోట్ల క్లిప్పు పెడతారు, పెయింట్ మీద పెడతారు. పెయింట్ మీద పెట్టిన క్లిప్పు ఉన్నా లేనట్టే. దాని పళ్లు రేకును పట్టుకోవాలి. పోసే డ్రమ్ముకూ, నింపుకునే పాత్రకూ మధ్య కూడా తీగ ఉండాలి. పైపు అడుగుదాకా దించి నెమ్మదిగా పోయాలి. పైనుంచి ధారగా పోస్తే స్టాటిక్ పుడుతుంది. టోలీన్, హెక్సేన్ లాంటివాటిని ప్లాస్టిక్ బకెట్లలో, కార్బాయ్‌లలో మోయడం మానేయాలి. ప్లాస్టిక్‌కు ఎర్తింగ్ ఎక్కడ పెడతారు?

ఈ సాల్వెంట్ల ఆవిరి గాలికంటే బరువైనది. పైకి పోదు, నేలబారున పాకుతుంది. కేబుల్ ట్రెంచ్‌లు, డ్రెయిన్లు, అంతస్తుల మధ్య వదిలిన కన్నాలు దానికి దారులు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మాలో ఎంటీబీఈ అనే సాల్వెంట్ లీకై కింది అంతస్తులోని కరెంటు ప్యానెళ్ల వైపు చేరడంతో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. మీ బ్లాకులో పైపు ఫ్లాంజీ (అతుకు) కింద ఏముందో తలెత్తి చూసి, ఆ తర్వాత తల వంచి చూడండి. ప్యానెల్ ఉంటే పైపో ప్యానెలో మారాలి. ఆ లోపు కన్నాలైనా మూయించండి.

పక్కపక్కన పెట్టకూడనివి

స్టోర్స్‌లో చోటు చాలక జరిగే తప్పులు ఇవి. నైట్రిక్ యాసిడ్‌ను సాల్వెంట్లకు, చెక్క పాలెట్లకు, రంపపు పొట్టుకు దూరంగా ఉంచాలి. హైపో (సోడియం హైపోక్లోరైట్) కార్బాయ్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ పక్కన ఉండి రెండూ కారితే క్లోరిన్ వస్తుంది. సోడియం సల్ఫైడ్, సోడియం హైడ్రోసల్ఫైడ్ మీద యాసిడ్ పడితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. సోడియం అజైడ్‌కు డైక్లోరోమీథేన్ తగిలితే ముట్టుకున్నా పేలే పదార్థం తయారుకావచ్చు. హైడ్రోజన్ పెరాక్సైడ్ క్యాన్ మూతకు గాలి పోయే ఏర్పాటు ఉంటుంది, దాన్ని టేపుతో బిగించి మూసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎండాకాలం ఆ క్యాన్ పగిలితీరుతుంది.

రియాక్షన్‌ను వేగం చేసే క్యాటలిస్టులు రానీ నికెల్, పల్లాడియం కార్బన్ తడిగా ఉన్నంతసేపే మాట వింటాయి. ఆరితే గాలికే అంటుకుంటాయి. ఏప్రిల్‌లో నీరు ఎంత త్వరగా ఆవిరవుతుందో మీకు తెలుసు, కాబట్టి వారానికోసారి చూసే డబ్బాను రోజూ చూడాలి. నికెల్ మీద నీరు నిలిచి ఉండాలి, పల్లాడియం కార్బన్ ప్యాకింగ్ బిగుతు చెడకూడదు. కొత్త క్యాటలిస్ట్ విషయంలో అందరూ జాగ్రత్తగానే ఉంటారు. వాడేసిన క్యాటలిస్ట్, దాన్ని వడకట్టిన గుడ్డ, హైఫ్లో (వడపోతకు వాడే పొడి), వీటిని చెత్తబుట్టలో పడేసి వెళ్లిపోతారు. రాత్రి షిఫ్ట్‌లో ఆ బుట్ట దానంతట అదే అంటుకుంటుంది. వాటికి మూతున్న ఇనుప డ్రమ్ము, అందులో నీరు వేరే ఉండాలి.

వేస్ట్ షెడ్డు

నా అంచనాలో మొత్తం ఆవరణలో ఎక్కువ భయపడాల్సిన చోటు ఇదే. కొత్త డ్రమ్ము మీద కంపెనీ లేబుల్ ఉంటుంది, లోపల ఉన్నదీ అదే. వేస్ట్ డ్రమ్ము మీద పాత టోలీన్ లేబుల్ ఉంటుంది, దాని మీద మార్కర్‌తో “ఎం.ఎల్.” అని రెండక్షరాలు ఉంటాయి, లోపల ఉన్నది ఇంకేదో. ఎం.ఎల్. అంటే మదర్ లిక్కర్, సరుకు వడకట్టాక మిగిలే ద్రవం. ఏ ప్రొడక్ట్‌ది, ఏ స్టేజీ, యాసిడ్ ఉందా, ఏ తేదీన నింపారు, ఎవరు నింపారు? ఎండకు మార్కర్ వెలిసిపోతే ఆ రెండక్షరాలూ ఉండవు. పాత లేబుల్‌ను పూర్తిగా గీకేసి, డ్రమ్ము నింపడం మొదలుపెట్టేటప్పుడే కొత్తది అంటించాలి. నిండాక అంటిద్దాం అనుకుంటే షిఫ్ట్ మారుతుంది, మనిషి మారతాడు.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ఈ వేస్ట్‌ను మామూలుగా 90 రోజులకు మించి ఆవరణలో ఉంచకూడదు. పసుపు లేబుల్ మీద ఎర్రక్షరాలతో ప్రమాదకర వ్యర్థమని రాయాలి, స్థానిక భాషలో కూడా రాయాలి. బయటికి పంపితే మానిఫెస్ట్ (సరుకు వెంట వెళ్లే వివరాల పత్రం) ఉండాలి. డిసెంబరులో నిండిన డ్రమ్ములకు 90 రోజులు మార్చిలోనే నిండుతాయి. దుండిగల్‌లోనో పరవాడలోనో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాల్సిన లోడ్ ఏదైనా ఉంటే ఈ నెలలోనే పంపేయండి. ఎండలు ముదిరే సమయానికి షెడ్డు ఎంత ఖాళీగా ఉంటే అంత నయం.

ఒక డ్రమ్ములో చోటుందని ఇంకోదాన్ని అందులో పోయడం అసలు వద్దు. తప్పనిసరైతే ముందు ల్యాబ్‌లో కెమిస్ట్ ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగే పెట్టె) లోపల కొద్ది మిల్లీలీటర్లు మాత్రం కలిపి, వేడి పెరుగుతుందా, గ్యాస్ లేస్తుందా, రంగు మారుతుందా అని కాసేపు గమనించాలి. అలా చూసి సంతకం చేశాకే షెడ్డులో కలపాలి. నైట్రిక్ ఉన్న వేస్ట్‌ను అసిటోన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ఉన్నదాంట్లో పోస్తే రియాక్షన్ వెంటనే కనపడకపోవచ్చు. కొన్ని గంటలయ్యాక, మూత బిగించి అందరూ ఇళ్లకు పోయాక మొదలవుతుంది.

తక్కువ రేటుకు తీసుకుపోతామని రాత్రిపూట వచ్చే ట్యాంకర్లకు వేస్ట్ ఇవ్వడం నేరం, అంతకుమించి ప్రాణాంతకం. 2022 జనవరి 6న సూరత్ దగ్గర సచిన్ పారిశ్రామికవాడలో అలాంటి ట్యాంకర్ నుంచి వేస్ట్‌ను కాలువలోకి వదులుతుంటే పుట్టిన విషవాయువుకు ఆరుగురు చనిపోయారు. ఆ వేస్ట్ ఎక్కడ పుట్టిందో వాళ్లలో ఎవరికి తెలుసు?

ఇక ఖాళీ డ్రమ్ములు. టోలీన్ నిండా ఉన్న డ్రమ్ము కంటే అడుగున కాసింత మిగిలిన డ్రమ్ము పేలడానికి ఎక్కువ అనువుగా ఉంటుంది, ఎందుకంటే లోపల ఆవిరి, గాలి రెండూ ఉంటాయి. స్క్రాప్ వాళ్లు గ్యాస్ కట్టర్ పెట్టగానే మూత ఎగిరి ఎదుటివాడి ముఖానికి తగులుతుంది. నీలం ప్లాస్టిక్ డ్రమ్ముల సంగతి ఇంకా బాధ. వేసవిలో నీటి ఎద్దడి వస్తే చుట్టుపక్కల బస్తీల్లో, ఊళ్లలో జనం వాటిని కొనుక్కుని తాగునీళ్లు పట్టుకుంటారు. మీ గేటు దాటే ప్రతి డ్రమ్మూ శుభ్రం చేసి, కన్నాలు పొడిచి, వాడుకోవడానికి వీల్లేకుండా చేశాకే, అనుమతి ఉన్నవాళ్లకే పోవాలి.

ట్యాంకులు, సంప్‌లు కడిగే రోజులు

వానలు రాకముందే ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) సంప్‌లు, స్టోరేజీ ట్యాంకులు కడిగించడం మామూలే. అడుగు బురదను కదిలిస్తే అందులో చిక్కుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా లేస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది కదా, తెలిసిపోతుందిలే అనుకోవద్దు. 100 పీపీఎం ప్రాంతంలో ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియకుండా పోతుంది. ప్రమాదం పెరిగే కొద్దీ హెచ్చరిక తగ్గుతుందన్నమాట. మీటరు తాడుకు కట్టి పైన, మధ్యన, అడుగున చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతం లోపు ఉంటే దిగకూడదు. కార్ట్రిడ్జ్ మాస్క్ ఆక్సిజన్‌ను తయారుచేయదు. దిగిన మనిషి పడిపోతే పైన ఉన్నవాడు ఆత్రంగా దూకేస్తాడు. అన్నో, తమ్ముడో, ఒకే ఊరివాడో అయి ఉంటాడు, ఆగలేడు. అందుకే దిగేముందే ఒంటికి ఫుల్ బాడీ హార్నెస్, పైన ట్రైపాడ్ ఉండాలి. పైనుంచే లాగగలిగితే రెండోవాడు దిగాల్సిన పని రాదు.

పొడులను కూడా తేలిగ్గా తీసుకోకండి. ఎండాకాలం పొడిగాలికి స్టాటిక్ ఎక్కువ. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఇండస్ట్రీస్‌లో 50 మందికి పైగా చనిపోయిన పేలుడు జరిగిన యూనిట్ తయారుచేసేది మాత్రల్లో కలిపే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. అది విషం కాదు, యాసిడ్ కాదు. దూలాల మీద, డక్టుల మీద పేరుకున్న ధూళిని చీపురుతో ఊడ్చి గాల్లోకి లేపకుండా, కంప్రెస్డ్ ఎయిర్ కొట్టకుండా, అందుకు తగిన వాక్యూమ్‌తో తీయించండి.

మనుషుల విషయం

డ్రమ్ములు దించడం, కలపడం, తరలించడం ఉదయం పది లోపే ముగిసేలా చూడండి. మధ్యాహ్నం రెండింటికి ఉక్కపోతలో ఎవరైనా మాస్క్ కిందికి లాగుతారు, గాగుల్స్ నుదుటికి ఎక్కిస్తారు. తిట్టడం కంటే ఆ పనిని ఆ వేళకు లేకుండా చేయడం నయం. గ్లౌజుల్లో నైట్రైల్‌ది అన్నిటికీ పనికొస్తుందన్న నమ్మకం ఉంది. డైక్లోరోమీథేన్ పలచటి నైట్రైల్ గుండా నిమిషాల్లో చర్మానికి చేరుతుంది. ఏ కెమికల్‌కు ఏ గ్లౌజో స్టోర్స్ కిటికీ దగ్గరే అంటించండి. ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన హెల్పర్లకు వాళ్ల భాషలో నోటితో చెప్పించి, తిరిగి వాళ్లతో చెప్పించుకోండి. సంతకం తీసుకుంటే సరిపోదు.

చాలామంది మరిచేది ఐవాష్, అంటే కళ్లు కడుక్కునే కుళాయి. దాని పైపు ఎండలో పరుగెడుతుంటే మే నెల మధ్యాహ్నం అందులో వచ్చేవి కాగే నీళ్లు. కంట్లో యాసిడ్ పడ్డవాడు ఆ నీళ్ల కింద 15 నిమిషాలు ఎలా నిలబడతాడు? పైపుకు ఇన్సులేషన్ చుట్టించి, షిఫ్ట్ మొదట్లో ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తిప్పి చెయ్యి పెట్టి చూడండి.

ఎంఎస్‌డీఎస్‌లు (ఒక్కో కెమికల్ ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన కాగితాలు) ఆఫీసు బీరువాలో కాకుండా గేటు దగ్గర ఫైలులో కూడా ఒక సెట్ ఉంచండి. 108 ఎక్కించేటప్పుడు మనిషితో పాటు ఆ కెమికల్ కాగితం, అది తెలిసిన ఒక మనిషి వెళ్లాలి. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడే చోట కాల్షియం గ్లుకోనేట్ జెల్ గడువు తేదీ ఇప్పుడే చూసుకోండి, ఆ కాలిన గాయానికి దారిలోనే అది రాస్తూ తీసుకెళ్లాలి.