కారులో మెక్సికో: మ్యాప్‌లో గీత ఉంటుంది, ఆగాల్సిన చోటు ఉండదు

టెక్సస్‌లోని సాన్ ఆంటోనియో నుంచి సరిహద్దు ఊరు లారెడో 155 మైళ్లు. అక్కడ రియో గ్రాండే నది దాటితే మెక్సికోలోని మాంటెరే ఇంకో 140 మైళ్లు. నేను ఈ దారి మీదే ఉంటాను కాబట్టి, లాంగ్ వీకెండ్ వస్తోందంటే చాలు, డల్లాస్ నుంచో హ్యూస్టన్ నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు: "అన్నా, మెక్సికో రోడ్ ట్రిప్ అనుకుంటున్నాం, రూట్ ఒకసారి చూసి చెప్పవా?" వాట్సాప్‌లో వచ్చేది ఒక స్క్రీన్‌షాట్, అందులో ఒక నీలం గీత. పాస్‌పోర్ట్ తీసి చూశారా అని అడిగితే "అదుందిలే అన్నా" అంటారు.

కారు కండిషన్, టైర్లు, స్పేర్ టైరు మీరు చూసుకుంటారు. నేను రాసేది రూట్ ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్న సంగతి మాత్రమే.

సమస్య: వంతెన దాటాక మెక్సికో ఇమిగ్రేషన్‌లో వెనక్కి పంపారు

కారణం: పాస్‌పోర్ట్‌లోని అమెరికా వీసా గడువు ముగిసిపోయింది. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి మెక్సికో వీసా కావాలి. గడువు ఉన్న అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డ్ గానీ ఉంటే ఆ వీసా అక్కర్లేదు. ఇక్కడ వీసా అంటే పాస్‌పోర్ట్‌లో అతికించిన స్టాంపు. ఐ-797 అనే హెచ్-1బీ (ఉద్యోగ వీసా) ఆమోద కాగితం కాదు. హెచ్-1బీ పొడిగింపు వచ్చి, మూడేళ్లుగా ఇండియా వెళ్లనివాళ్ల స్టాంపు ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. ఆ సంగతి వాళ్లకి వంతెన మీదే గుర్తొస్తుంది.

"ఆటోమేటిక్ రీవాలిడేషన్ ఉంది కదా, 30 రోజుల లోపు వచ్చేస్తే చాలు కదా" అని వాదిస్తారు. ఉంది. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు ఉంటే, స్టాంపు ముగిసినా అమెరికా మిమ్మల్ని తిరిగి రానివ్వడానికి పెట్టిన రూలు అది. మెక్సికోవాళ్లకి దాంతో పనిలేదు.

పరిష్కారం: రూట్ వేయకముందే కారులో కూర్చునే ప్రతి ఒక్కరి స్టాంపు తేదీ చూడండి. పిల్లలది, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలది కూడా. ఎవరిదైనా అయిపోయి ఉంటే మెక్సికో కాన్సులేట్‌లో వాళ్లకి వీసా తీసుకోండి, లేదా ట్రిప్ మానుకోండి. ఐదు నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి హోటల్ రివ్యూలు మూడు గంటలు చదువుతారు.

సమస్య: మ్యాప్ ఊళ్ల గుండా తిప్పుతోంది, లేదా వంతెన దగ్గర వింత దారి చూపిస్తోంది

కారణం మీ ఫోన్‌లోనే ఉంది. డల్లాస్‌లో టోల్ బిల్లులు చూసి విసుగెత్తి ఎప్పుడో "టోల్ రోడ్లు వద్దు" అని సెట్టింగ్ పెట్టి ఉంటారు. అది అలాగే ఉండిపోయింది. లారెడోలో కార్లు వెళ్లే వంతెనలన్నిటికీ టోల్ ఉంది. అవతల మాంటెరేకి రెండు దారులు: 85డి అనే టోల్ హైవే, అక్కడి మాటలో క్వోటా, 85 అనే ఉచిత రోడ్డు, దాన్ని లిబ్రే అంటారు. లిబ్రే సబీనాస్ హిదాల్గో ఊరి మీదుగా పోతుంది. మార్కు వేయని స్పీడ్ బ్రేకర్లు కూడా తగులుతాయి. వాటి సంగతి మనకి చెప్పక్కర్లేదు గానీ, అలవాటు తప్పి ఉంటుంది, జాగ్రత్త.

పరిష్కారం: ఆ సెట్టింగ్ తీసేయండి, క్వోటాలోనే వెళ్లండి. టోల్ గేట్లకి పెసోల్లో నగదు ఉంచుకోండి. మన కార్డు ప్రతి గేటులోనూ పనిచేస్తుందని అనుకోవద్దు. ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దించుకోండి.

సమస్య: 26వ కిలోమీటరు దగ్గర ఆపి వెనక్కి తిప్పారు. లేదా: అంతా బాగా జరిగింది, కానీ 400 డాలర్లు తిరిగి రాలేదు

ఈ రెండూ ఒకటే జబ్బు. నాకు దెబ్బ తగిలింది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

అమెరికా నంబర్ ప్లేటు కారు సరిహద్దు పక్కన ఇరవై ముప్ఫై కిలోమీటర్ల వరకు ఊరికే తిరగొచ్చు. అది దాటి లోపలికి వెళ్లాలంటే కారుకి తాత్కాలిక దిగుమతి పర్మిట్ కావాలి. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో TIP (టిప్) అంటారు. బాన్‌హెర్సితో అనే బ్యాంకు ఇస్తుంది. ఫీజు కాక డిపాజిట్ కట్టాలి: 2007, ఆ తర్వాతి మోడల్ అయితే 400 డాలర్లు, 2001 నుంచి 2006 వరకు 300, అంతకంటే పాతదానికి 200. కారు తిరిగి తెచ్చి పర్మిట్ రద్దు చేయించుకుంటే డబ్బు వెనక్కిస్తారు. కాలిఫోర్నియావాళ్లు తిహువానా, ఎన్సెనాడా వెళ్లడానికి ఈ గొడవ లేదు. బాహా మొత్తానికి పర్మిట్ అక్కర్లేదు. వాళ్ల అనుభవం విని టెక్సస్‌వాళ్లు బయల్దేరితేనే చిక్కు.

మ్యాప్‌కి రోడ్డు తెలుసు, పర్మిట్ తెలియదు. ఐ-35 హైవే నేరుగా లారెడోలోని రెండో నంబరు వంతెన మీదకి ఎక్కిస్తుంది. అక్కడి నుంచి అవతలి ఒడ్డున ఉన్న నువో లారెడో ఊరి మీదుగా హైవే మీదకి పంపిస్తుంది. పర్మిట్ ఇచ్చే ఆఫీసు నది ఒడ్డునే, వంతెన పక్కనే ఉంటుంది, కానీ దానికి హైవే వదిలి మళ్లాలి. మళ్లకపోతే వంతెన దగ్గర ఎవరూ అడగరు. హాయిగా వెళ్తుంటారు. 26వ కిలోమీటరు దగ్గర కస్టమ్స్ చెక్‌పోస్ట్‌లో అద్దం మీద స్టిక్కర్ ఏదని అడుగుతారు. లేదంటే యూ-టర్న్.

ఇది బయటపడే జబ్బు కాబట్టి ఫర్వాలేదు, రెండు గంటలు పోతాయి, అంతే. అసలు దొంగ తిరుగు ప్రయాణంలో ఉంటాడు.

ఆ పర్మిట్ గడువు లోపల ఎన్నిసార్లయినా వెళ్లి రావచ్చు. అందుకే మీరు అమెరికా వైపు వస్తుంటే "రద్దు చేయించుకుంటున్నారా" అని ఎవరూ ఆపి అడగరు. మీరు మళ్లీ వస్తారేమోనని వాళ్ల లెక్క. నేను మాంటెరే నుంచి ఒక ఆదివారం సాయంత్రం వస్తున్నాను. వెనక సీట్లో పిల్లలు నిద్ర, ముందు కార్ల బారు, ఫోన్‌లో నీలం గీత నేరుగా వంతెన మీదకి. గీత వెంట వచ్చేశాను. వరసలో పడ్డాక పక్కకి తీసే వీలు ఉండదు. ఇంటికొచ్చి పడుకున్నాం. మర్నాడు పొద్దున్న గ్యాస్ కొట్టిస్తూ అద్దం తుడుస్తుంటే స్టిక్కర్ వెండి రంగులో తళుక్కుమంది. కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది.

గడువు లోపల రద్దు చేయించకపోతే డిపాజిట్ పోతుంది. అంతటితో ఆగదు. వాళ్ల రికార్డులో ఆ కారు ఇంకా మెక్సికోలోనే ఉన్నట్టు లెక్క, మీ పేరు మీద ఇంకో పర్మిట్ ఇవ్వరు. కారు అమ్మేసుకున్నాక ఈ సంగతి తెలిసినవాళ్లూ ఉన్నారు. వాళ్ల కష్టం మరీ పెద్దది, ఎందుకంటే రద్దు చేయాలంటే కారే వెళ్లాలి. ఫొటోలు పంపితే కుదరదు.

నేను బుధవారం సెలవు పెట్టి మళ్లీ 155 మైళ్లు వెళ్లాను. వంతెన టోల్ కట్టి అవతలికి దాటి, ఆఫీసు ఆవరణలోకి తిప్పాను. ఒకాయన వచ్చి కారు నంబర్లు సరిచూసి, బ్లేడుతో స్టిక్కర్ గీకి తీసి, రసీదు చేతిలో పెట్టాడు. పావుగంట కూడా పట్టలేదు. ఆ పావుగంట ఆదివారం ఆగనందుకు ఒక రోజంతా పోయింది. స్టిక్కర్ మీరే పీకేయడం మాత్రం చేయకండి. అది తీయాల్సింది వాళ్లే.

పరిష్కారం: ఇంటి నుంచి హోటల్‌కి ఒకే రూట్ వేయకండి. నాలుగు ముక్కలు చేయండి. ఇంటి నుంచి పర్మిట్ ఆఫీసుకి, అక్కడి నుంచి హోటల్‌కి. వచ్చేటప్పుడు హోటల్ నుంచి పర్మిట్ ఆఫీసుకి, అక్కడి నుంచి ఇంటికి. మూడో ముక్కని వెళ్లకముందే మ్యాప్‌లో సేవ్ చేసి పెట్టుకోండి, ఎందుకంటే ఆఖరి రోజు సాయంత్రం ఎవరికీ బుర్ర పనిచేయదు. నేనైతే "స్టిక్కర్" అని ఫోన్‌లో అలారం పెడతాను. మా ఆవిడకి అదో జోకు.

రద్దు చేసిన రసీదు పారేయకండి. పర్మిట్ గరిష్ఠంగా 180 రోజులు అంటారు గానీ, మీ కాగితం మీద అచ్చయిన తేదీయే లెక్క. డిపాజిట్ కార్డుతో కడితే కార్డుకే తిరిగొస్తుంది, నగదు కడితే నగదు ఇస్తారు. పర్మిట్‌ని ముందే ఆన్‌లైన్‌లో కూడా తీసుకోవచ్చు. అప్పుడు వెళ్లేటప్పటి క్యూ తప్పుతుంది, వచ్చేటప్పటి మలుపు తప్పదు.

ఈ ఆఫీసు కోసం, ఇంకో కారణం వల్ల కూడా నేను ఇప్పుడు రెండో వంతెన మానేసి కొలంబియా వంతెన మీద వెళ్తున్నాను. లారెడోకి వాయవ్యంగా ఉంటుంది. ఊళ్లోకి రాకముందే ఐ-35 వదిలి టెక్సస్ 255 పట్టుకోవాలి. మ్యాప్ దానంతట అది చూపించదు, స్టాప్‌గా పెట్టాలి. అక్కడ పర్మిట్ ఆఫీసు దారిలోనే తగులుతుంది, వెతుక్కోనక్కర్లేదు. పైగా దాటగానే నువో లియోన్ రాష్ట్రంలోకి వస్తారు. నువో లారెడో ఉన్నది తమౌలిపాస్‌లో. అమెరికా విదేశాంగ శాఖ ఆ రాష్ట్రాన్ని "వెళ్లవద్దు" అనే నాలుగో స్థాయిలో పెట్టింది. కొలంబియా 24 గంటలూ తెరిచి ఉండదు, వేళలు చూసుకుని బయల్దేరండి. చీకటి పడ్డాక ఎలాగూ హైవే మీద ఉండకూడదు.

సమస్య: పర్మిట్ ఆఫీసుకి వెళ్లినా ఇవ్వలేదు

కారు పేరు మీది కాదు. ఫ్రెండ్ కారు వేసుకుని వెళ్దామనుకోవద్దు. లోన్ ఉంటే బ్యాంకు నుంచి, లీజ్ అయితే ఆ కంపెనీ నుంచి అనుమతి పత్రం కావాలి. అది రావడానికి రోజులు పడుతుంది, గురువారం అడిగితే శుక్రవారం రాదు. అద్దె కారుకి ఆ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, చాలామంది ఒప్పుకోరు. ఇంకోటి మనవాళ్లకే ప్రత్యేకం: ఇంటిపేరు ఎటు పడిందో, పొడుగు పేరు ఎక్కడ తెగిందో తెలియదు. రిజిస్ట్రేషన్ కార్డూ పాస్‌పోర్టూ పక్కపక్కన పెట్టి ఒకసారి చూసుకోండి.

సమస్య: ఇన్సూరెన్స్ చెల్లదన్నారు

అమెరికా పాలసీ అక్కడ చెల్లదు. మెక్సికో పాలసీ రోజుల లెక్కన ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. లేకుండా ఎవరినైనా తగిలిస్తే, నష్టపరిహారం తేలేదాకా మిమ్మల్ని కదలనివ్వకపోవచ్చు. కొనండి, ప్రింట్ తీసుకోండి.

సమస్య: వంతెన దగ్గర 40 నిమిషాలు అని చూపించింది, మూడు గంటలు పట్టింది

వేరే లైను టైము చూశారు. అమెరికాలోకి తిరిగొచ్చేటప్పుడు ఉండే రెడీ లేన్ అనే వేరే లైనుకి చిప్ ఉన్న కార్డులు కావాలి, ఇండియన్ పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపుతో అది కుదరదు. మామూలు లైను టైమే చూడండి. ఆదివారం సాయంత్రం, డిసెంబర్ సెలవులు, ఈస్టర్ వారం వదిలేస్తే సగం బాధ పోతుంది.

మిగతావి అరుదు. మెక్సికో సిటీ దాకా కారులో వెళ్తే అక్కడ బయటి నంబర్ ప్లేట్లకి రోజు, వేళల ఆంక్షలున్నాయి, అవి వేరుగా చదువుకోండి. గ్లవ్ బాక్సులో మర్చిపోయిన తూటా ఒక్కటైనా జైలు వ్యవహారం, టెక్సస్‌లో కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు సీట్ల కింద కూడా వెతకండి. దారిలో కారు ఆగిపోతే 078కి ఫోన్ చేయండి, గ్రీన్ ఏంజెల్స్ అని పచ్చ బళ్లు వస్తాయి. జామకాయలు, మామిడికాయలు కొంటే అక్కడే తినేసి రండి, మిగిలినవి అమెరికా కస్టమ్స్‌కి దాచకుండా చెప్పండి.

లారెడో దాటేశాం కదా అని పాస్‌పోర్టులు డిక్కీలో సూట్‌కేసు అడుగున పెట్టకండి. ఐ-35 మీద 29వ మైలు దగ్గర బోర్డర్ పెట్రోల్ మళ్లీ ఆపుతుంది.