చమురు తెట్టు కింద పచ్చదనం: ప్లవకాల లెక్క చదవడం – 5వ పాఠం

పోయినసారి ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో చాలావాటి సారాంశం ఒకటే: “చమురు పడ్డాక క్లోరోఫిల్ పెరిగింది, కాబట్టి వృక్షప్లవకాలకు చమురు మేలే చేసింది.” వృక్షప్లవకాలంటే నీటిలో తేలుతూ, మొక్కల్లా వెలుతురుతో బతికే సూక్ష్మజీవులు. ఈ జవాబును సరిచేయకుండా ముందుకు పోలేం. మోతాదుల పాఠం వచ్చేసారి చూద్దాం.

క్లోరోఫిల్ కొలత కణాల లెక్క కాదు. ఒక లెక్క వేద్దాం. లీటరు నీటిలో లక్ష కణాలు, ఒక్కోదానిలో 10 పికోగ్రాముల క్లోరోఫిల్ ఉందనుకోండి. మొత్తం 10 లక్షల పికోగ్రాములు, అంటే 1 మైక్రోగ్రాము. చమురు పడ్డాక 40 వేల కణాలు చచ్చాయి. మిగిలిన 60 వేలూ తెట్టు కింద మసక వెలుతురులో బతకాలి కాబట్టి, దొరికిన కాస్త వెలుగునూ పట్టుకోవడానికి ఒక్కోటీ 20 పికోగ్రాములు కూడబెట్టుకుంది. మొత్తం 1.2 మైక్రోగ్రాములు. కణాలు 40 శాతం తగ్గాయి, క్లోరోఫిల్ 20 శాతం పెరిగింది! అంకెలు నేను అనుకున్నవే, కానీ వెలుతురు తగ్గితే కణంలో క్లోరోఫిల్ పెరగడం నిజం.

నిజంగానే కణాలు పెరిగిన సందర్భాలూ ఉన్నాయి. 1977 అక్టోబరులో స్వీడన్ దగ్గర బాల్టిక్ సముద్రంలో త్సెసిస్ అనే ట్యాంకరు నుంచి సుమారు వెయ్యి టన్నుల ఇంధన చమురు ఒలికింది. కొద్ది రోజుల్లోనే జంతుప్లవకాలు (వృక్షప్లవకాలను మేసే చిన్న జీవులు) బాగా తగ్గిపోయాయి, వృక్షప్లవకాలు పెరిగాయి. మేసే మేకలు పోతే గడ్డి ఏపుగా పెరిగినట్టన్నమాట. దీన్ని మేలు అనగలరా?

2010 ఏప్రిల్ 20న డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు తవ్వే రిగ్గు పేలాక మెక్సికో సింధుశాఖలోకి 87 రోజులు చమురు పారింది. ఆగస్టులో ఈశాన్య భాగంలో మామూలుకన్నా ఎక్కువ పచ్చదనం ఉపగ్రహాలకు కనిపించింది. అయితే చమురు చిత్తడి నేలల్లోకి రాకుండా లూసియానాలో మిసిసిపీ నీటిని కాలువల ద్వారా అటు వదిలారు. నది నీటితో నైట్రేటు వస్తుంది, అది ప్లవకాలకు ఎరువు. ఇక ఆ పచ్చదనం దేని ఖాతాలో రాయాలి? అందుకే మ్యాపు చేతికి రాగానే నేను రంగులు చూడను, ముందు స్కేలు చూస్తాను (అది సాధారణంగా లాగరిథమిక్, అంటే ఒక్కో మెట్టుకూ విలువ ఇన్ని రెట్లు పెరుగుతుంది!), తర్వాత దగ్గర్లో నది ఉందేమో చూస్తాను.

విషప్రభావం ఎలా ఉంటుందో క్లుప్తంగా: చమురులో ఉండే నాఫ్తలీన్‌లాంటి, నీటిలో కాస్త కరిగే పదార్థాలు కణపు పొరలోకి దూరి కిరణజన్య సంయోగక్రియను దెబ్బతీస్తాయి. చిన్న కణానికి ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ కాబట్టి తరచూ ముందు దెబ్బతినేది అదే. అతినీలలోహిత కిరణాలు తోడైతే విషం ముదురుతుంది. ట్యూబులైటు కింద చేసిన ప్రయోగాలు నష్టాన్ని తక్కువ చేసి చూపడానికి ఇదొక కారణం.

ఇక మైక్రోస్కోపు దగ్గర. డయాటమ్ (గాజులాంటి గుల్ల ఉండే ఒక రకం వృక్షప్లవకం) చచ్చినా ఆ గుల్ల మిగులుతుంది. దాన్ని బతికున్నవాటితో కలిపి లెక్కపెడితే చమురు ఏమీ చేయనట్టే తేలుతుంది. లెక్క రాసే కాగితంలో ఖాళీ గుల్లలకు వేరే గడి గీయండి. గుల్లలో ఒక మూలకు ముడుచుకున్న గోధుమరంగు ముద్ద కనిపిస్తే దానికి మూడో గడి. నమూనా చెడకుండా వేసే లూగాల్ అయోడిన్ ద్రావణం కూడా కణాలు కొంత ముడుచుకునేలా చేస్తుంది, కాబట్టి శుభ్రమైన నీటి నమూనాలోనూ ఆ మూడో గడి నింపాకే పోల్చండి.

అభ్యాసం: ఒకే చోటి సముద్రపు నీరు మూడు గాజు సీసాల్లో తీసుకోండి. ఒకటి మామూలుగా, ఒకటి నల్ల దోమతెర కప్పి, ఒకటి రెండు చుక్కల డీజిల్ వేసి. నీడ సీసా లేకుండా పంపిన జవాబులు చదవను. చీకటి చేసిన పనీ విషం చేసిన పనీ విడదీసేది అదే. మూడు రోజులు కిటికీ దగ్గర ఉంచి, లూగాల్ వేసి, 24 గంటలు అడుగుకు దిగనిచ్చి, ఒక్కో సీసాకు 400 కణాలు లెక్కపెట్టండి. 400 అయితే పొరపాటు సుమారు 10 శాతం లోపు ఉంటుంది, 100 దగ్గర ఆపేస్తే 20కి పోతుంది. డీజిల్ నీటిని మోరీలో పోయకండి.