పశువులను తోలేటప్పుడు కరెంటు కర్ర ఎప్పుడు, ఎలా వాడాలి?

ఎలక్ట్రిక్ ప్రాడ్, అదే తాకిస్తే షాక్ కొట్టే కరెంటు కర్ర, చేతికి రాగానే చాలామంది గొడ్డు కాస్త ఆగితే చాలు పొడిచేస్తుంటారు. పని తొందరగా అవుతుందని అనుకుంటారు గానీ జరిగేది ఉల్టా. బాగా బెదిరిన పశువు మళ్ళీ నెమ్మదించడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, అప్పటిదాకా అది ఎటు తోలినా ఇంకో పక్కకే పోతుంది, పోయేది ఒక్కటే పోతుందా అంటే మిగతా వాటిని కూడా బెదరగొట్టి పోతుంది. పాలిచ్చే ఆవయితే ఆ పూట సరిగ్గా చేపదు కూడా. అందుకే ముందు కర్ర లేకుండా తోలడం చెప్తా, కర్ర సంగతి తర్వాత.

1. ముందు దారి చూసుకోండి

గొడ్డు మొరాయించిందంటే నూటికి తొంభై సార్లు దానికి ముందు ఏదో కనబడింది అని అర్థం. మనుషులకి అవి లెక్కలోకి రావు: నేల మీద పడ్డ నీడ, నీళ్ళ మడుగు, వేలాడే గొలుసు, కంచె మీద ఎవరో ఆరేసిన చొక్కా, గాలికి కొట్టుకునే ప్లాస్టిక్ కవర్, కాలవ మీద వేసిన ఇనప జల్లెడ. పశువుకి తల చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది గానీ లోతు మాత్రం చప్పున అందదు, నీడకి గుంటకి తేడా తెలియాలంటే తల కిందకి దించి, ఆగి చూసుకోవాలి. ఆ ఆగడాన్నే మనం మొండితనం అనుకుంటాం. తోలే ముందు ఆ దారిలో మీరే ఒకసారి వంగి, దాని కంటి ఎత్తులో చూస్తూ నడవండి, తీయగలిగినవన్నీ తీసేయండి. వెలుతురులోంచి చీకటి కొట్టంలోకి పోవాలంటే అస్సలు ఇష్టపడవు కాబట్టి లోపల లైటు వేయండి, కానీ ఆ లైటు వచ్చేదాని కళ్ళలో కొట్టకూడదు.

దారికి ఎదురుగా మనిషి నిలబడి ఉన్నా పోవు. ఇది చెప్తే నవ్వుతారు గానీ ముందు ఒకాయన నిలబడి చేతులు ఊపుతుంటే వెనక ఇంకొకాయన పొడవడం చాలాచోట్ల జరిగేదే.

2. ఎక్కడ నిలబడాలి

ప్రతి పశువుకి చుట్టూ కొంత దూరం ఉంటుంది, ఆ లోపలికి మనిషి వస్తే అది జరుగుతుంది. చేతి కింద పెరిగిన వాటికి ఈ దూరం అసలు ఉండకపోవచ్చు, మనుషుల్ని చూడకుండా బయట తిరిగిన వాటికి చాలా ఎక్కువ. ఆ అంచు మీద పని చేయాలి, ఒక అడుగు లోపలికి వేస్తే కదులుతుంది, కదలగానే మీరు ఒక అడుగు వెనక్కి తీయాలి. ఈ రెండోది మర్చిపోతే మొదటిది కూడా పని చేయదు, ఎందుకంటే కదిలితే ఒత్తిడి తగ్గుతుందని దానికి తెలియాలి కదా.

ఇంకోటి జబ్బ. జబ్బ దగ్గర ఒక గీత ఉందనుకోండి, మీరు ఆ గీతకి వెనక ఉంటే ముందుకి పోతుంది, ముందు ఉంటే వెనక్కి పోతుంది. సన్నటి సందులో వరసగా నిలబడ్డ పశువుల్ని కదపాలంటే సందు బయట వాటి తల వైపు నుంచి తోక వైపుకి, అంటే అవి పోవాల్సిన దిక్కుకి ఎదురు నడవండి, ఒక్కోదాని జబ్బ దాటుతుంటే ఒక్కోటి ముందుకి అడుగేస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళకి మాయలాగా ఉంటుంది. తల దగ్గర నిలబడి పిర్ర మీద పొడవడం మాత్రం చేయకండి, వెనక నుంచి పొమ్మని, ముందు నుంచి ఆగమని ఒకేసారి చెప్తే అది ఏం చేస్తుంది. సరిగ్గా తోక వెనక కూడా నిలబడకండి, అక్కడ మీరు దానికి కనబడరు, తన్నే చోటు కూడా అదే.

3. గుంపు సంగతి

సందులోకి ఎక్కించే ముందు ఉంచే చిన్న దొడ్డిని సగమే నింపండి, తిరగడానికి చోటు లేకపోతే దారి కనబడినా పోలేవు. ఒక్కదాన్ని ఒంటరిగా తోలొద్దు, తోడుంటే సగం పని అదే చేసుకుంటుంది. అరుపులు, ఈలలు బంద్, మనకి వినబడని సన్నటి శబ్దాలు కూడా వాటికి వినబడతాయి. చేతికి అందకపోతే పొడుగు కర్రకి గుడ్డో ప్లాస్టిక్ సంచో కట్టి నెమ్మదిగా కదపండి, చాలు.

4. ఇక కరెంటు కర్ర

పైవన్నీ చేశాక కూడా కదలకపోతే, అప్పుడు. అదీ ఎదిగిన పశువు అయి, కాళ్ళ మీద నిలబడి ఉండి, ముందు పోవడానికి ఖాళీ ఉంటేనే. ముందున్న గొడ్డు ఇరుక్కుపోయి ఉంటే వెనక దాన్ని పొడిచి ఏం లాభం, అది ఎక్కడికి పోతుంది? అయినా అందరూ చేసే తప్పు ఇదే.

పెట్టాల్సింది వెనక తొడ కండ మీద మాత్రమే. ఒక్క సెకను దాటకూడదు, తాకించి వెంటనే తీసేయాలి. యూరప్ రూల్స్‌లో కూడా సెకనే గరిష్ఠం, అదీ కదలడానికి ముందు చోటుంటేనే అని రాసుంది. తాకించాక ఆగండి, ఆలోచించుకోవడానికి దానికి కాస్త టైమివ్వండి. కదిలితే అయిపోయింది, కదిలేదాన్ని మళ్ళీ పొడిస్తే కదిలినందుకు శిక్ష వేసినట్టే. రెండోసారికి కూడా కదలకపోతే కర్ర పక్కన పెట్టి కారణం వెతకండి, కుంటుతుందా, జ్వరమా, నేల జారుతుందా.

కళ్ళు, చెవులు, ముట్టె, పొదుగు, పొట్ట, తోక కింద భాగం, వీటి జోలికి ఎప్పుడూ పోకూడదు. దూడలకి, గొర్రెలకి, మేకలకి, గుర్రాలకి అసలు వాడకూడదని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లోనే ఉంది. పడిపోయినదాన్ని లేపడానికి వాడొద్దు, నిండు చూలుదాని మీద కూడా వద్దు. బ్యాటరీది మాత్రమే వాడండి, ఇంటి కరెంటుకి తీగ తగిలించి చేసుకునే సొంత ప్రయోగాలు మనిషికీ ప్రమాదమే.

మరి ముల్లుగర్ర నయం కదా అంటారు కొందరు. మేకు దిగితే తోలు చిరుగుతుంది, లోపల కండ కములుతుంది, పుండు మీద ఈగలు ముసిరి పురుగు పడుతుంది, కాబట్టి నయం కాదు. తోక విరిచేలా మెలిపెట్టడం కూడా అంతే.

కర్ర అందరి చేతుల్లో ఉండకూడదు. ఒకటే ఉండాలి, మొరాయించే చోట గోడకి తగిలించి ఉండాలి, అవసరమైనప్పుడు తీసి మళ్ళీ అక్కడే పెట్టాలి. చేతిలో ఉంటే వాడకుండా ఉండలేం, మనిషి బుద్ధి అది.

5. లెక్కపెట్టండి

కబేళాల్లో పశువుల తీరు మీద పనిచేసిన టెంపుల్ గ్రాండిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పెట్టిన కొలత ఒకటుంది: 100 పశువుల్లో 25 కంటే ఎక్కువ వాటికి కరెంటు కర్ర వాడితే అక్కడ తోలడం ఫెయిల్, 5 లేదా అంతకన్నా తక్కువైతే చాలా బాగున్నట్టు. మీరు తోలేవి ఇరవయ్యే అయినా ఆ లెక్క పెట్టుకోవచ్చు, ఎన్నింటికి వాడారు, ఏ చోట వాడారు అని రెండూ రాసుకోండి. వాడినవన్నీ ఒకే మలుపు దగ్గరో ఒకే గేటు దగ్గరో అయితే లోపం పశువుల్లో లేదు, ఆ మలుపులో ఉంది, మధ్యాహ్నం నీడ పడుతుందేమో, గేటు కిర్రుమంటుందేమో వెళ్ళి చూడండి.